ఇరవై అయిదేళ్ల వెలుగు

మా పక్కింటి సైన్సు సార్ మాఘమాసంలో చనిపోయారు. కరీంనగర్‌లో నేను పనికి బయలుదేరుతుంటే అవ్వ ఫోన్ చేసింది. "సార్ పోయిండు బిడ్డా. పెద్దమ్మ చాయ్ తీస్కపోయి లేపితే లేవలేదట" అంది. మధ్యాహ్నానికి మా ఊరు బెల్లంపల్లి చేరాను. వాకిట్లో జనం ఎక్కువ లేరు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది ఊరు వదిలి ఎప్పుడో వెళ్లిపోయారు.

సార్‌కు, నేను పెద్దమ్మ అని పిలిచే ఆయన భార్యకు ఒక్కతే కూతురు. మేమిద్దరం ఒకే ఏడాది పుట్టాం, ఒకే బెంచీ మీద చదువుకున్నాం. కార్తీకంలో చీకటి పడగానే సార్ మమ్మల్ని డాబా ఎక్కించి దక్షిణం వైపు చూపించేవారు. ఆ దిక్కున పెద్ద చుక్కలుండవు. ఒక్కటే తెల్లగా, ఒంటరిగా వెలుగుతూ ఉండేది. దాని పేరు ఫోమల్‌హాట్. అరబ్బీలో చేప నోరు అని అర్థమట.

"సూర్యుడు పచ్చగుంటడు గద, గిది తెల్లగెందుకుంది బాపు?" అని అడిగింది ఆమె ఒకసారి.

"వేడి ఎక్కువ బిడ్డా. సూర్యుని మీద అందాజ అయిదున్నర వేల డిగ్రీలుంటే, దీని మీద ఎనిమిది వేలు దాటుతది. బరువు రెండింతలు, వెలుగు పదహారింతలు."

"అయితే సూర్యునికంటే ఎక్కువ బతుకుతదా?"

"బతకది. రెండూ హైడ్రోజన్‌ను హీలియం చేసుకుంట వెలిగేటియే. గా పని నడిచినన్ని రోజులు ప్రధాన శ్రేణి నక్షత్రాలంటరు. సూర్యునికి వెయ్యి కోట్ల ఏండ్లకు సరిపోతది. దీనికి వంద కోట్లకే ఒడుస్తది. సామాను రెండింతలే, ఖర్చు పదహారింతలాయె."

ఏ అంకె చెప్పినా ముందు 'అందాజ' అనడం ఆయన అలవాటు. చుక్క మిణుకుమంటోందని మేమంటే ఊరుకునేవారు కాదు. "మిణుకుమనేది చుక్క గాదు, నడుమ గాలి కదులుతుంది" అనేవారు. "తెల్వనిది తెల్వదనాలె" అన్న మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో.

పదో తరగతిలో ఉండగా, వానాకాలంలో ఆ పిల్లకు డెంగీ వచ్చింది. కరీంనగర్ దవాఖానకు తీసుకెళ్లారు. మళ్లీ ఆమె మాట నేను వినలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్లంతా బిడ్డ చుక్కయిందని చెప్పి వెళ్లారు. పెద్దమ్మ ఆ మాట పట్టుకుంది. "ఏ చుక్కయ్యా? గదన్న చూపియ్యి" అని సార్‌ను రోజూ అడిగేది. ఆయన తల వంచుకునేవారు. ఒక సాయంత్రం నా ముందే నోరు విప్పారు.

"బిడ్డ ఏ చుక్కా కాలే. నేను అబద్ధం ఆడలేను."

పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సార్ గడప మీద కూర్చున్నారు. తర్వాత మెల్లగా అన్నారు.

"గా తెల్లచుక్క వెలుగు మనదాక రావాల్నంటే అందాజ ఇరవై అయిదేండ్లు పడ్తది. ఇప్పుడు మనం చూసేది బిడ్డ పుట్టకముందుది. పుట్టిన ఏడాది బయలెల్లింది ఇంకా తొవ్వలనే ఉంది. గిదైతే నిజం."

పెద్దమ్మ ఏడుపు ఆగింది. "అస్తదా?"

"అస్తది. మనముంటే చూస్తం."

ఆ రోజు నుంచి పెద్దమ్మ ఎదురుచూడటం మొదలుపెట్టింది. కార్తీకం వస్తే తనే ముందు డాబా ఎక్కేది. సార్ ముఖంలో మాత్రం భయం కనిపించేది. "నేను చెప్పింది తప్పు గాదు. గని దాని మీద ఆమె ఏం ఆశ పెట్టుకున్నదో నాకు తెల్వది" అన్నారొకసారి నాతో.

బిడ్డ పుట్టి ఇరవై అయిదేళ్లు నిండగా, మొన్నటి కార్తీకంలో ఆ ఏడాది వచ్చింది. నేనూ వెళ్లాను. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని లైట్లతో, దుమ్ముతో ఆకాశం పాలిపోయి ఉంది. అయినా చుక్క కనిపించింది. పెద్దమ్మ పిట్టగోడ పట్టుకుని రెప్ప వేయకుండా చూసింది.

"గిదేనా?"

"గిదే."

"నిరుటి లెక్కనే ఉంది గదయ్యా."

"అట్లనే ఉంటది."

పెద్దమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వెళ్లిపోయింది. సార్ కుర్చీలోంచి లేవలేదు.

"గా వెలుగుకు మనమెవ్వరమో తెల్వది బిడ్డా. గీ మాట పిల్లలకు నేనే చెప్పిన. చెప్పి, నేను గూడ ఎదురుచూసిన" అన్నారు.

తర్వాత ఆయన మళ్లీ డాబా ఎక్కలేదని అవ్వ చెప్పింది. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచేవారట. ఎవరు పలకరించినా "మంచిగనే ఉన్న" అనేవారట.

ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు ఆయనే నేర్పారు. అందుకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఆ చదువు వల్లే, సార్ తన బిడ్డ దగ్గరికే పోయారని పెద్దమ్మతో అనలేకపోయాను. పక్కన కూర్చున్నాను, అంతే.

అస్థికలు కలపడానికి మంచిర్యాల వెళ్లాం. గోదావరి నీళ్లు కదలకుండా నిలిచి ఉన్నాయి. పెద్దమ్మ తమ్ముడు కుండ వంచాడు. బూడిద నీటి మీద పరుచుకుని మెట్ల దగ్గరే ఆగిపోయింది. అతను వంగి రెండు చేతులతో నీళ్లు తోశాడు. కొంచెం దూరం పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. మళ్లీ తోశాడు. పెద్దమ్మ ఆఖరి మెట్టు మీద నిలబడి ఉంది. చీర అంచుకు తడి బూడిద అంటుకుంటున్నా వెనక్కి జరగలేదు.