కవిటి నుంచి పలాస దాకా గేర్లు మార్చిన చెయ్యి

నాకు దేవుడి మీద గురి ఉంది. పొద్దున్నే సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకోందే కాఫీ ముట్టను. కానీ చనిపోయినవాళ్లు తిరిగొచ్చారనే కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఇప్పటికీ అంతే. అందుకే ఇది రాయాలా వద్దా అని చాన్నాళ్లు తటపటాయించాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఏమనుకుంటారో మీ ఇష్టం.

నాది ఇంటి చదువు. నందిగాంలో మా అమ్మే అక్షరాలు దిద్దించింది. కారు నడపడం కూడా ఇంటి చదువే, మావారు నేర్పారు. ఆయన పలాసలో ఒక ఆఫీసులో గుమాస్తా. కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలయ్యాక, సూదులు తీసి బయటికొచ్చేసరికి ఆయనకి ఓపిక ఉండేది కాదు. ఇక బండి నేనే తోలాలి. క్లచ్చి, గేర్లు నాకు పట్టుబడలేదు. అందుకని ఉన్నది అమ్మి ఆటోమేటిక్ కారు తీసుకున్నాం.

కొత్త కారే, కానీ మొదటినుంచీ ఒకటే గొడవ. ఒకటో గేరు నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి అది తనంతట తాను మారేటప్పుడు వెనకనుంచి ఎవరో గుద్దినట్టు కుదిపేది. నెమ్మదిగా వెళ్తే మరీను. మావారి ఎడమ చేతికి డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసిన నరం ఉంది. కుదిపినప్పుడల్లా ఆ చెయ్యి పొదివి పట్టుకుని కళ్లు మూసుకునేవారు. సర్వీసు సెంటరుకి తీసుకెళ్తే, "బండిలో తప్పేం లేదు మేడమ్, ఆటోమేటిక్ అంటే కొంచెం అలాగే ఉంటుంది" అన్నారు. కంప్యూటర్ తగిలించి ఏదో కొత్తది ఎక్కించారు. రెండు రోజులు బాగుంది, మళ్లీ మామూలే.

మా అత్తగారైతే, "కొత్త కారనుకుంటే కోడెదూడని తోలుకొచ్చినాడు నా కొడుకు. ముకుతాడెయ్యవే" అని నవ్వేది.

ఇది జరిగిన రోజు అత్తగారితో కలిసి కవిటి దగ్గర ఊళ్లో మా వదినగారింటికి వెళ్లాం. వాళ్లమ్మాయిని చూడడానికి పెళ్లివారు వస్తున్నారు, మేనమామ లేకపోతే ఎలా? మావారు పొడుగుచేతుల చొక్కా వేసుకుని చెయ్యి కప్పుకున్నారు. కారణం మా ఉద్దానం వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, ఊరూరా ఇదే జబ్బు. ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బుందని తెలిస్తే సంబంధాలు గుమ్మంలోంచే వెనక్కి పోతాయి.

పెళ్లివారి ముందు అందరికీ కొబ్బరి బొండాలు కొట్టి ఇచ్చారు. మావారు వద్దన్నారు. పెళ్లికొడుకు మావయ్య ఊరుకుంటాడా, "ఏటి బావా, పలాసెల్లి దొరబాబువైపోనావేటి? ఉద్దానం బొండాం నీ గొంతు దిగదా?" అని వేళాకోళం చేశాడు. అందరూ నవ్వుతూ ఆయన వైపే చూశారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి కొబ్బరినీళ్లు విషంతో సమానమని మా ప్రాంతంలో పిల్లలకి కూడా తెలుసు. వద్దంటే వద్దన్న కారణం బయటపడుతుంది. నేను లోపల పళ్లేలు సర్దుతున్నాను. వచ్చి చూసేసరికి ఆయన ఒకటి తాగేసి రెండోది పట్టుకుని ఉన్నారు.

భోజనాల తర్వాత పెళ్లివారు అమ్మాయి నచ్చిందని చెప్పి ఆటో ఎక్కారు. వాళ్లటు వెళ్లగానే ఈయన అరుగు మీంచి లేవబోయి లేవలేకపోయారు. కాళ్లు తేలిపోతున్నాయన్నారు. పెదాలు తిమ్మిరెక్కాయి. మేము ఎప్పుడూ వెళ్లే పలాస ఆస్పత్రికి ఫోన్ చేస్తే, సిస్టరమ్మ "బొండాం తాగారా? పొటాషియం పెరిగితే గుండె ఆగిపోతుందమ్మా. ఉన్నపళాన తీసుకొచ్చెయ్యండి" అంది. అంబులెన్సు దూరంలో ఉందన్నారు. ఆ వీధిలో అందరివీ బైకులే, కారు తోలేదాన్ని నేనొక్కదాన్నే.

వెనక సీట్లో అత్తగారి ఒళ్లో ఆయన తల. బయల్దేరగానే కారు గట్టిగా కుదిపింది. ఆయన మూలిగారు. కొబ్బరితోటల మధ్య రోడ్డు, మలుపులు, స్పీడు బ్రేకర్లు. ప్రతిచోటా గేరు దిగడం, ఎక్కడం, ఒక గుద్దు. రెండుసార్లు వాంతి చేసుకున్నారు. అత్తగారు, "ఓలమ్మా, నెమ్మదిగా పోనీయే! ఇలాగ గుద్దేత్తే నా బిడ్డ పేనం నిలవదే!" అని ఏడుపు. నెమ్మదిగా పోతే ఆలస్యం, వేగంగా పోతే కుదుపు. నాకు కళ్లలో నీళ్లు అడ్డొచ్చి రోడ్డు మసకబారింది. "స్వామీ, ఈ బండి నా వల్ల కాదు" అనుకున్నాను. అంతవరకే నాకు స్పష్టంగా గుర్తుంది.

తర్వాత నా ఎడమ చెయ్యి గేరు రాడ్డు మీదికి వెళ్లింది. ఆటోమేటిక్ బండి ఒకసారి కదిలాక దాన్ని ముట్టుకునే పనే లేదు. పక్కన ప్లస్సు, మైనస్సు గుర్తులున్న గాడి ఒకటుంది, చేత్తో గేర్లు మార్చుకునేవాళ్లకట. కొన్నప్పట్నుంచీ నేను దాని జోలికి పోలేదు. చెయ్యి రాడ్డుని ఆ గాడిలోకి లాగింది. పాదం యాక్సిలరేటర్ మీంచి కాస్త లేచింది. గేరు పడింది. పాదం మళ్లీ ఆనింది. కారులో పళ్లెంలో నీళ్లు పెట్టినా తొణికేవి కావు.

మలుపు ముందు గేరు తగ్గింది, దాటాక పెరిగింది. ఏ గేరు ఎప్పుడన్నది నేను ఆలోచించలేదు. ఎవరూ కనిపించలేదు, చల్లగాలి తగల్లేదు, ఒళ్లు జలదరించలేదు. పైగా భయం పోయింది. పాలు పొంగకుండా పొయ్యి దగ్గర నిలబడినప్పుడు ఉంటామే, అలా ఉన్నాను. హైవే ఎక్కాక వెనకనుంచి మావారు, "నాన్నా, పలాసొచ్చిందా?" అన్నారు. జ్వరంలో పలవరించినట్టు అనిపించింది. అత్తగారు ఏడుపు ఆపేసింది.

అక్కడ ఇంజెక్షన్లు చేసి వెంటనే మిషన్ ఎక్కించారు. సాయంత్రానికి గుండె కుదుటపడిందని డాక్టరుగారు చెప్పారు. నేను గోడకి జారబడి, తెలిసిన దేవుళ్లందరికీ పేరుపేరునా మొక్కుకున్నాను.

అప్పుడు అత్తగారు నా పక్కన కూర్చుని మెల్లిగా అడిగింది. "గేరు మార్సినప్పుడల్లా నాలికతో సప్పుడు సేసినావు గదే. ఎక్కడ నేర్సుకున్నావు?"

"ఏ సప్పుడత్తా?"

"ఎద్దుల్ని అదిలిత్తారే, అలాగ. రెండుసార్లు."

నేనేమీ చెయ్యలేదన్నాను. ఆవిడ నా దగ్గరికి జరిగి మావగారి సంగతి చెప్పింది.

మా మావగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఆయన కొబ్బరి లోడు లారీ తోలేవారని తెలుసు, అంతే. మిగతాది అప్పుడే విన్నాను. లారీకి ముందు ఎడ్లబండి తోలిన అలవాటుకొద్దీ, లారీలో గేరు మార్చే ముందు కూడా నాలికతో రెండుసార్లు అదిలించేవారట. బస్తాలెత్తే కళాసీలు లోడు మీద పడుకుంటే, గమ్యం చేరేదాకా ఒక్కడికీ మెలకువ రాకుండా తోలడం ఆయన పంతమట. "నీ మొగుడు సిన్నప్పుడు నా ఒళ్లో పడుకుని ఆ సప్పుడు ఇంటానే నిద్దరోయేవోడు" అంది.

తర్వాత సర్వీసు సెంటరులో అడిగాను. "అవును మేడమ్, చేత్తో మారుస్తూ, మార్చేటప్పుడు కాలు కాస్త తీస్తే కుదుపుండదు. మీకెవరు చెప్పారు?" అన్నాడు మెకానిక్కు. నా చేతికి అప్పుడు తెలిసిన పని, ఇంటికొచ్చాక తెలియలేదు. అతని దగ్గరే మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాను. ఇప్పుడు పర్వాలేదు, మావారు కారులో హాయిగా కునుకు తీస్తున్నారు. ఆ భాగ్యం చాలు నాకు. మేనకోడలి పెళ్లి కూడా అయిపోయింది.

ఆయన్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు, కారు దిగే ముందు అత్తగారు నా భుజం మీద చెయ్యేసి, "ఒక్కపాలి ఆ సప్పుడు సెయ్యవే, ఇంటాను" అంది. ప్రయత్నించాను. చప్పరించినట్టు ఏదో వచ్చింది. "అది కాదులే" అని నవ్వింది. కొడుకుని పట్టుకుని కారు దింపింది.

ఆ రోజు పలాస దారంతా ఆ శబ్దం ఎవరు చేశారో నాకు ఈరోజుకీ తెలియదు.