సొరంగంల పిల్లలను నేనే బయటికి తీసిన

బొగ్గుబాయిల పనిచేసినన్ని రోజులు నాది వేలిముద్రనే. ఇగ రిటైరైతననంగ రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్న. ఏది చదవాల్నన్నా కూడబలుక్కోవాల్సిందే. అసొంటి నన్ను పట్టుకొని మా మనుమరాలు, పుస్తకం చదివి టేపుల ఎక్కించుమన్నది.

ఆ పిల్ల గోదావరిఖనిల మా ఇంట్లనే ఉండి తొమ్మిదో తరగతి చదువుతుండె. రేగుకొమ్మ గీసుకొని ఒక కంటికి ఆపరేషనయింది. బయటి కన్ను కదిలితే కట్టు కిందిది కూడ కదులుతదట, అందుకని కట్టు ఇప్పేదాక చదువుడు బంద్ అన్నడు డాక్టరు. ఈమెకేమో నలుగురు బడిపిల్లలు దొంగల వెంటపడే కథలంటే పిచ్చి. ఒక పుస్తకం తోక పట్టుకొని ఇంకోటి వస్తది. రెండోది సగంల ఉండంగ ఆపరేషన్. నువ్వు చదవకుంటే కట్టు ఇప్పుకొని నేనే చదువుకుంట అని బెదిరించింది. అన్నంత పని చేసే రకం, నా పోలికనే. కన్ను ఏమైతదోనని నాకు ఫికర్.

టేపు ఎందుకంటే, నేను చదివే వేగానికి ఎదురుంగ కూసున్న మనిషికి నిద్ర పడుతది. ఒక్కో వాక్యం లోపల్లోపల తిప్పుకొని, నోరు తిరిగినంక బటన్ ఒత్తి చదివి మళ్ల ఆపేది. నా టేపుల దొంగ ఒక అడుగేస్తే టక్, ఇంకో అడుగేస్తే టక్. ఆ టక్కుకే భయమైతుందని మనుమరాలు మెచ్చుకున్నది. దొంగకు మాత్రం, డ్యూటీకి ఆలిశమైతే మమ్ముల తిట్టే పాత సర్దారు గొంతు పెట్టిన. వంటింట్ల నుంచి మా ముసలామె, ఆ సచ్చినోడు మనింటికెందుకొచ్చిండని అడిగింది.

రెండో పుస్తకం ఆఖర్ల నలుగురు సొరంగంలకు పోయిండ్రు, వెనుక మట్టి కూలింది. కింద 'మిగతా మూడో భాగంలో' అని అచ్చేసి ఉన్నది. నాకు ఒళ్లు మండింది. మా బాయిల షిఫ్టు దిగంగనే టోపీ లైట్లు అప్పజెప్పాలె. ఒక్క లైటు తక్కువున్నా మనిషి లోపలున్నట్టే, ఎతుకపోవాల్సిందే. గీ రాసినాయన నలుగురిని లోపల పెట్టి ఇంటికెట్ల పోయిండో. బటన్ ఒత్తి సొంతంగ చెప్పిన: రెస్క్యూ వాళ్లు వచ్చిండ్రు, కప్పు కూలకుంట మొద్దులు నిలబెట్టిండ్రు, పిల్లలను తీసిండ్రు, క్యాంటీన్ల చాయ్ తాగిపిచ్చిండ్రు. మనుమరాలు నిమ్మళంగ పండుకున్నది.

తర్వాత ఆమె దోస్తు మూడో పుస్తకం తెచ్చిచ్చింది. తెరిస్తే ఏమున్నది, నలుగురు ఇంక సొరంగంలనే. నేను చాయ్ తాగిపిచ్చి పంపినోళ్లాయె. ఏం చేద్దును? టిఫిన్ డబ్బా మర్చిపోయిండ్రని చెప్పి మళ్ల లోపలికి దించిన.

టేపు ఇని మనుమరాలు లేచి కూసున్నది. "ఒక్క డబ్బా కోసం నలుగురు పోయిండ్రా తాతా?"

"స్టీలుది బిడ్డా."

"గట్ల రాసి లేదు. పుస్తకం తే, నేనే చూస్త." ఆమె చెయ్యి కంటి కట్టు మీదికి పోయింది.

నాకు పానం పోయినంత పనైంది. "ముట్టకు. వాళ్లను నేనే తీసిన. రాసినాయన ఇడిసిపెట్టి పోయిండు, నాకు ఇడువబుద్ధి కాలె."

చెయ్యి దించింది. నవ్వుడు షురూ చేసింది. పిల్లను నవ్విస్తే కుట్లు ఊడుతయని మా ముసలామె నన్ను తిట్టింది. చివరికి ఒప్పందమైంది: ముందు పుస్తకంలది చదవాలె, నాది తర్వాత చెప్పాలె. రెండూ కావాల్నట.

కట్టు ఇప్పిండ్రు. కన్ను బాగున్నది. నాలుగో పుస్తకం తనే ఒక్క పూటల నమిలి పారేసింది. నలుగురు మంచిగనే ఉన్నరా అని అడిగితే చెప్పదు. చదువుకో తాతా, నీకు అక్షరాలొస్తయి గద అంటది. పోరికి జాలి లేదు. అద్దాలు పెట్టుకొని, అక్షరం కింద వేలు పెట్టి మొదలుపెట్టిన. మూడో పేజీలనే ఒక పోరడు లోయల పడ్డడు. మా ముసలామె అన్నానికి పిలిచింది. వీడు పైకొచ్చేదాక రానన్న.