కెమెరా ఆపిన మధ్యాహ్నం

జనగామలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్తూ, ఒక ఇంటి మేడ మీది గదిలో అద్దెకుండేదాన్ని. కింద ఇంటి యజమానురాలు, పక్షవాతంతో మంచం పట్టిన ఆమె తండ్రి ఉండేవాళ్లు. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. అందరికీ ఒకటే వైఫై.

నేను ఫోన్‌లో ఆడేది నలుగురు జట్టుగా ఆడే తుపాకుల ఆట. ఎన్నో జట్లు ఒకేసారి దిగుతాయి, చివరిదాకా మిగిలిన జట్టే గెలుస్తుంది. మా జట్టులో ఇద్దరు మహబూబాబాద్ ఆడపిల్లలు. జట్టును నడిపించేది భూపాలపల్లిలో నర్సింగ్ చదివే అమ్మాయి. ఎవరినీ ఎదురుగా చూడలేదు, గొంతులే తెలుసు. ఒక పోటీలో సెమీఫైనల్ దాకా వచ్చాం. సరిగ్గా ఆ వారమే నా ఆట మధ్యమధ్యలో ఆగిపోవడం మొదలైంది. తలుపు దాకా పరుగెత్తుతాను, బొమ్మ కదలదు. కదిలేసరికి నేను చచ్చిపోయి ఉంటాను.

"అక్కా, మళ్ల ఆగినవ్. ఆదివారం లోపల సక్కగ చేసుకో. లేకుంటే వేరే ఆమెను తీసుకుంటం. ఏమనుకోకు," అంది నర్సింగ్ అమ్మాయి.

మరిపెడ దగ్గరి మా తండాలో సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు ఎక్కి మరీ ఆడినదాన్ని. ఆ మాట గట్టిగా తగిలింది.

రౌటర్ ఆపి మళ్లీ పెట్టాను. ఫోన్‌లో డౌన్‌లోడ్లన్నీ ఆపాను. నెట్ వేగం కొలిస్తే బాగానే ఉంది. చివరికి లాప్‌టాప్‌లో పింగ్ చూస్తూ కూర్చున్నాను. మనం పంపిన సంకేతం సర్వర్ దాకా పోయి తిరిగొచ్చే సమయమే పింగ్. నలభై, నలభై ఒకటి, ముప్పై తొమ్మిది. ఉన్నట్టుండి తొమ్మిది వందలు. వెంటనే రౌటర్ పేజీ తెరిచి ఎవరు ఎంత వాడుతున్నారో చూశాను. కింది గదిలోని కెమెరా.

అక్క బజారులో బట్టలు కుడుతుంది. పెద్దాయన కదిలినప్పుడల్లా ఆ కెమెరా వీడియో పంపుతుంది, ఆమె మిషన్ దగ్గర కూర్చుని ఫోన్‌లో చూసుకుంటుంది. ఈ మధ్యే కొత్తది పెట్టింది. ఆయన పక్క మీద ఒత్తిగిలితే పైన నేను చచ్చిపోతున్నాను.

ఆదివారం మూడింటికి సెమీఫైనల్ మ్యాచ్. పెళ్లిళ్ల కాలం, అక్క షాపుకు పోయింది. అడుగుదామని ఫోన్ తీశాను. వద్దంటుందేమో. అరగంటే కదా అనుకుని, రౌటర్ పేజీలో ఆ కెమెరాను ఆపేశాను.

పింగ్ నలభై దగ్గర నిలబడింది.

"అక్కా, ఇయ్యాల మస్తు ఆడుతున్నవ్!"

ఇరవై నిమిషాలకు మూడు జట్లే మిగిలాయి. అప్పుడు అక్క నుంచి ఫోన్. కట్ చేశాను. మళ్లీ చేసింది, ఎత్తాను.

"చెల్లె, కెమెరా వస్తలేదు. బాపు ఒక్కడే ఉన్నడు. జర కిందికి పోయి చూస్తవా?"

"పోతున్న అక్కా."

పోలేదు. ఇంకొక్క నిమిషం అనుకున్నాను. ఆ నిమిషంలోనే కింద చెంబు పడిన చప్పుడు హెడ్‌ఫోన్లలోంచి కూడా వినిపించింది.

ఫోన్ మంచం మీద పడేసి మెట్లు దిగాను. పెద్దాయన మంచం అంచుకు జారి, కిటికీ చువ్వ పట్టుకుని వేలాడుతున్నాడు.  చంకల కింద చేతులేసి పైకి లాగాను. ఆ బరువుకు ఇద్దరం మంచం మీద కూలబడ్డాం.

"నీళ్లకు... పిలిచిన," అన్నాడు, సగం సగం మాటలతో. "ఎవ్వలు రాలే."

నీళ్లు తాగించాను.  పైకి పోయేసరికి మ్యాచ్ ఓడిపోయి ఉన్నాం.

సాయంత్రం అక్క రాగానే చెప్పేశాను. "కెమెరా నేనే బంద్ చేసిన అక్కా. ఆట కోసం."

ఆమె మెడలోని కొలతల టేపు తీసి మెల్లగా చుట్టింది. "ఒక్క మాట అడిగితే ఏమైతుండె? షాపు బంద్ వెట్టి నేనే వస్తుంటి గద."

ఆమె ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఏం జేయాల్నో చెయ్యి. బంద్ మాత్రం చెయ్యకు."

కెమెరా సెట్టింగుల్లో వీడియో నాణ్యత అన్నిటికన్నా పైన ఉంది. రెండు మెట్లు తగ్గించాను. పెద్దాయన ముఖం స్పష్టంగానే కనబడుతోంది. పింగ్ యాభై దాటలేదు. అంతా రెండు నిమిషాల పని.

జట్టుకూ ఉన్నదున్నట్టు చెప్పాను. నర్సింగ్ అమ్మాయి ముందు అడిగింది ఆట గురించి కాదు. "పెద్దాయనకు దెబ్బ తాకలే గదా? పక్షవాతమొచ్చిన చెయ్యి పట్టి గుంజొద్దక్కా, భుజం జారుతది." తర్వాతి పోటీకి మాత్రం వేరే ఆమెను తీసుకున్నారు.

అక్క కొన్నాళ్లు షాపుకు పోతూ బాపును చూస్తుండమని నాకు కాక పక్కింటామెకు చెప్పేది. నేను మెట్ల మీద నిలబడి వినేదాన్ని. బడి నుంచి రాగానే కింది గదిలోకి పోయి, ఆయనకు నీళ్లు తాగించాకే మెట్లెక్కేదాన్ని. బడిలో పరీక్షలు అయిపోయాక ఒక ఆదివారం అక్క వాకిట్లోంచి పైకి పిలిచింది.

"చెల్లె, నేను పోయొస్త. బాపును పైలంగ చూస్కో."