ఏడు మిల్లీ

మాస్కులు తీసేసిన ఏడాది జులైలో నన్ను బడిపిల్లల దంత పరీక్షలకు వేశారు. అప్పటికి నేను నందిగామలో ప్రభుత్వ దంతవైద్యుడిని. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. జగ్గయ్యపేట వైపు ఉన్నత పాఠశాలలు నా వంతుకు వచ్చాయి. హోదా పెద్దదే గానీ, అక్కడ మన సరంజామా అంతా వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, చేతిలో టార్చిలైటు.

పద్ధతి ఇదీ. పిల్లలు వరసగా వస్తారు. నేను నోరు చూసి పైకి చెబుతాను, పక్కన స్టాఫ్ నర్సు రాజ్యలక్ష్మి గారు రిజిస్టరులో రాసుకుంటారు. పుచ్చు పళ్లు ఎన్నో చెప్పాలి. ఎత్తుపళ్లయితే, పై పళ్లు కింది పళ్లకన్నా ఎంత ముందుకొచ్చాయో గీతలున్న సన్నటి పుల్లతో కొలిచి మిల్లీమీటర్లలో చెప్పాలి. రెండు, మూడు వరకు మామూలే. నా గొంతు మొదటినుంచీ పెద్దది. రాజ్యలక్ష్మి గారికి కాస్త వినపడదు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో అంత సర్వీసులో నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్ల షబీనా వంతు వచ్చింది. కొలిచి, "ఏడు మిల్లీ" అన్నాను. రాజ్యలక్ష్మి గారు "ఎంతండీ?" అన్నారు. ఈసారి ప్రహరీ దాటేలా అరిచాను. వెనక తరగతి తరగతంతా నిలబడి ఉంది.

నెల తిరక్కుండా ఆ పిల్లని తీసుకుని వాళ్ల నాన్న మస్తాన్ నందిగామ వచ్చాడు. పెనుగంచిప్రోలులో ఆటో నడుపుతాడు.

"డాక్టరు గారండీ, పిల్ల పదిహేను రోజుల్నుంచీ బడికి పోనంటందండి. పొద్దున ప్రార్థనలో వార్తలు చదివేది ఇదే. ఇప్పుడు ఇంట్లో గూడా నోరు తెరవట్లా. ఆ ముందు పళ్లు రెండూ పీకెయ్యండి, గొడవ వదిలిపోద్ది."

గట్టి పళ్లు పీకకూడదనీ, విజయవాడ డెంటల్ కాలేజీకి రాసిస్తాననీ, క్లిప్పు వేస్తే రెండేళ్లలో వరసకొస్తాయనీ చెప్పాను. షబీనా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నేలకేసి చూస్తోంది. బడిలో ఏమంటున్నారమ్మా అని అడిగాను. 'ఏడు మిల్లీ' అని పిలుస్తున్నారట. నాకు ఒళ్లు మండింది. ఆ పేరు పెట్టిన వెధవ ఎవడో చెప్పు, మీ హెడ్మాస్టరుతో ఇప్పుడే మాట్లాడతానన్నాను.

చున్నీ తీయకుండానే, "మీరేనండి" అంది.

ఎప్పుడూ ఏ మాటా సరిగ్గా వినపడని రాజ్యలక్ష్మి గారికి ఈ మాట మాత్రం చక్కగా వినపడింది. కేసు షీటు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నాకు నిజంగా సిగ్గేసింది. తప్పయిపోయిందమ్మా, నువ్వు మళ్లీ బడికి వెళ్లాలంటే నన్నేం చేయమంటావని అడిగాను.

"మీ పళ్లు గూడా కొలిపించుకోండి సార్. అందరి ముందు. నేను చదువుతా."

మస్తాన్ కంగారుపడి కూతుర్ని కసిరాడు. నేను ఒప్పుకున్నాను.

సోమవారం ప్రార్థన వేళకు బడికి వెళ్లి, అదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నోరు తెరిచాను. రాజ్యలక్ష్మి గారు కొలిచి, చీటీ మీద రాసి షబీనాకిచ్చారు. అది చున్నీ దించి, గొంతు సవరించుకుని, బడంతటికీ వినపడేలా చదివింది.

"ఈనాటి ముఖ్యాంశాలు. డాక్టరు గారి కింది పళ్లు వంకర. పై పళ్లు అయిదు మిల్లీమీటర్లు ముందుకు."

బడంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి వార్తలు మళ్లీ షబీనాయే చదివిందని హెడ్మాస్టరు ఫోన్ చేసి చెప్పారు. తర్వాత క్లిప్పు వేయించుకుంది, ఆ క్లిప్పుతోనే చదివింది.

నా సంగతి వేరు. రిటైరయ్యే దాకా ఆ చుట్టుపక్కల బడుల్లో నేను 'అయిదు మిల్లీ సార్'ని. మొదటి వారం రోజులూ, యాభై ఎనిమిది దాటిన మనిషిని, పై పెదవి కిందికి లాక్కుని మాట్లాడానని రాజ్యలక్ష్మి గారు తర్వాత చెప్పారు. నాకు తెలియనే లేదు.

ఆ ఏడాది నుంచి పిల్లల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి చూశాను. కొలత చీటీ మీద రాసిచ్చాను, పైకి చెప్పలేదు. రిజిస్టరులో లేని ఒక ప్రశ్న కూడా అడిగేవాణ్ణి: ఈ పళ్లు నిన్నేమైనా బాధపెడుతున్నాయా? మూడు మిల్లీ ఉన్న పిల్లలు ఏడ్చిన రోజులున్నాయి, తొమ్మిది ఉన్నవాడు చెరుకు ఒలుచుకోవడానికి బాగున్నాయన్న రోజూ ఉంది.