సున్నా వెయ్యనివ్వని సారు

మా లెక్కల సారు పోయారని మొన్న పుంగనూరు నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. అప్పుడు నేను ఆఫీసులో ఒక కంప్యూటర్ పరీక్షకు మార్కులు కేటాయిస్తున్నాను. బతికున్నన్నాళ్లూ ఆ పనికి అడ్డం పడిన మనిషి, పోతూ కూడా సరిగ్గా అక్కడే ఆపేశారు. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను.

ఆయన నాకు బళ్లో చదువు చెప్పలేదు. రెండు వేల ఐదు, ఆరు ప్రాంతంలో మదనపల్లెలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు తయారుచేసే చిన్న కంపెనీలో చేరాను. రిటైరైన ఆయన్ని ప్రశ్నలు రాయడానికి పెట్టుకున్నారు. రోజూ పుంగనూరు బస్సు దిగి సరాసరి నా కుర్చీ వెనకకొచ్చి నిలబడేవారు. కూర్చోమన్నా కూర్చునేవారు కాదు. వెనక ఒక మనిషి ఊపిరి వినబడుతుంటే పని ఎలా సాగుతుందో మీరే చెప్పండి.

నిజానికి పని చాలా తేలిక. సాఫ్ట్‌వేర్‌లో ప్రశ్న పెట్టి, సరైన జవాబేదో చెప్పి, దానికి మార్కులు కేటాయిస్తే చాలు. పిల్లలు జవాబు కొట్టగానే అదే దిద్దుకుని చివర్లో మొత్తం చూపిస్తుంది. ఒప్పయితే మార్కులు, తప్పయితే సున్నా. ఆ సున్నా దగ్గరే సారుకూ నాకూ చెడింది.

టమాటా బుట్టల లెక్క ఒకటుండేది. బుట్టకిన్ని కిలోల చొప్పున గుణించి, కుళ్లినవి తీసేయాలి. గుణకారం తప్పినా, ఆ తప్పు అంకెలోంచే సరిగ్గా తీసేసిన పిల్లాడికి స్టెప్ మార్కులు పడాలన్నారు. పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దిన చెయ్యి ఆయనది, ఊరుకోదు. కంప్యూటర్‌కు అవన్నీ తెలియవు సార్ అన్నాను.

"తెలీకపోతే నేర్పించమ్మా. బిడ్డ యాడిదాకా వచ్చినాడో సూడకుండా సున్నా ఏసేదానికి మనం యాల?"

ఇక చూస్కోండి నా అవస్థ. ప్రతి లెక్కనూ ముక్కలు చెయ్యాలి. మొదటి గడిలో పిల్లాడు కొట్టిన అంకెను దాచిపెట్టి, రెండో గడిని దాంతో పోల్చాలి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడేది. తప్పు జవాబుకు బర్రుమనే చప్పుడు పెడితే, పిల్లోళ్ల చెవుల్లో అరవద్దని తీయించేశారు. చివరికి వెనక్కి వెళ్లే బటన్ కూడా కావాలన్నారు. పేపరు వెనక్కి తిప్పి సరిచూసుకోమని పిల్లలకు జీవితాంతం చెప్పి, ఇప్పుడు తిప్పొద్దని ఎట్లా అంటానని ఆయన వాదన. తల ప్రాణం తోకకొచ్చింది. విసుగుతోనే పెట్టాను.

కుప్పంలో ఒక ప్రైవేటు బడి వాళ్లు ముందు పరీక్షించి చూస్తామన్నారు. వాళ్లకు నచ్చకపోతే నా ఉద్యోగం ఉండదని మా మేనేజరు ముందే చెప్పేశాడు. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. మేనేజరు, సారు, నేను ముగ్గురం కుప్పం వెళ్లాం.

అక్కడ ఒక పాప, సారు ఎలాంటి పిల్లల కోసం ఆ బటన్ అడిగారో అచ్చం అలాంటి పాప, వెనక్కి వెళ్లి ప్రతి జవాబూ మళ్లీ సరిచూసుకుంది. సరిచూసిన ప్రతిసారీ మార్కులు మళ్లీ కలిశాయి. చివర్లో తెర మీద యాభైకి అరవై పైన వచ్చాయి. గది గదంతా నవ్వు. బడి కరస్పాండెంటు ముఖం మాడ్చుకున్నాడు. రేపటి నుంచి రానక్కర్లేదని మేనేజరు అందరి ముందే నాతో అనేశాడు.

సారు ఆ పాప పక్కన కూర్చున్నారు. ఆయన కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి. అన్నీ తనే కొట్టి చూసుకుని కరస్పాండెంటు వైపు తిరిగారు.

"దిద్దేదంతా సరిగ్గానే దిద్దినాది సార్ ఈ అమ్మ. కూడేటప్పుడు పాత మార్కులు తీసేసేది మర్సిపోయినాది, అంతే. నేనైతే పదికి తొమ్మిదేస్తాను. సున్నా ఏసి ఇంటికి పంపేది అన్యాయం."

కరస్పాండెంటు ఏమనుకున్నాడో, సరిచేసి మళ్లీ తెమ్మన్నాడు. నా ఉద్యోగం నిలిచింది.

తిరుగు బస్సులో దండం పెట్టబోతే, పోయిన ఆ ఒక్క మార్కు సంగతి సూడమన్నారు. ఒళ్లు మండింది. కుప్పం నుంచి పుంగనూరు దాకా అదే పాఠం. ఆయన దిగాక హమ్మయ్య అనుకున్నాను. కిటికీ కిందికొచ్చి, బస్సు ఒంటికి పట్టిన దుమ్ములో వేలితో ఏదో రాయడం మొదలుపెట్టారు. కండక్టరు విజిలేసినా ఆపలేదు.

మదనపల్లెలో దిగి చూశాను. మొత్తంలోంచి పాత మార్కులు తీసెయ్యి, కొత్తవి కలుపు అని ఆ పాప మార్కులతోనే మెట్టు మెట్టుగా రాసి ఉంది. చివరి మెట్టు, మొత్తం ఎంతన్నది మాత్రం రాయకుండా నాకు వదిలేశారు. ఆయన్ని తిట్టుకుంటూనే ఆ దుమ్ములో నా వేలితో జవాబు రాశాను. దాని కింద గీత గీసేలోపే బస్సు కదిలి డిపో వైపు వెళ్లిపోయింది.