ముదిగుబ్బ దారిలో మెరిసిన విమానం

ఫోనులో ఒక వీడియో చూసి ఈ ప్రయాణం పెట్టుకున్నాను. పాత విమానాలంటే పిచ్చి ఉన్న ఆరుగురం బెంగళూరు శివార్లలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, పంటలకు మందు చల్లే పాత విమానాన్ని బాగుచేస్తున్నాం. తోక రెక్క తప్ప అన్నీ కుదిరాయి. ఆ రెక్క కోసం తిరగని చోటు లేదు. చివరికి ముదిగుబ్బ దగ్గరి ఒక పల్లెలో, సరిగ్గా అదే రకం విమానం చేనులో ఉందని తెలిసినవాళ్ళు వీడియో పంపారు. ఎండకు తళతళలాడుతోంది. అనంతపురం కరువు నేలలో వాన లేదు, తేమ లేదు. లోహం దాచుకోవడానికి అంతకన్నా మంచి చోటేముంది అని నేను ఉబ్బిపోయాను.

పొద్దున ఏడున్నరకు రైలెక్కితే పదకొండు కాకముందే ధర్మవరంలో దిగాను. ఇటు వచ్చేవాళ్ళు స్టేషను బయట బొరుగుల ఉగ్గాని, బజ్జీ తినేసి బస్సెక్కండి, మళ్ళీ సాయంత్రం దాకా ఏమీ దొరకదు. బస్సులో నా పక్కన గొర్రెలు అమ్మి వస్తున్న పెద్దాయన కూర్చున్నాడు. విమానం సంగతి ఎత్తగానే ఆయన మొహం వెలిగింది.

“నారాయణమ్మోళ్ళ ఇమానమా? ఎండి గిన్నె మాదిరి ఉంటాదప్పా. అంత బాగా చూసుకుంటాండారు.”

ముదిగుబ్బ నుంచి ఆటోలో ఆ పల్లెకు వెళ్ళాను. విమానమున్న చేనులోనే వాళ్ళ ఇల్లు. నారాయణమ్మకు అరవై దాటి ఉంటాయి. మజ్జిగ ఇచ్చి, కూర్చోబెట్టి, సంగతంతా చెప్పింది. ఆమె చిన్నప్పుడు వేరుశనగకు కంబళిపురుగు పడితే మందు చల్లడానికి ఈ విమానం వచ్చిందట. ఎక్కడ చల్లాలో పైలట్‌కు తెలియడానికి ఆమె నాయన చేనులో జెండా పట్టుకుని నిలబడ్డాడు. విమానం మరీ కిందికి వచ్చేసింది. ఆయన్ను తప్పించబోయి పైలట్ పక్కకు తిప్పి గట్టు మీద పడేశాడు. చక్రాలు విరిగాయి గానీ ఇద్దరూ బతికారు. విమానం తాలూకు మనుషులు ఇంజను విప్పుకుపోయి మిగతాది వదిలేశారు. అప్పటినుంచి ఏటా ఆ ఇంటివాళ్ళ ఆయుధపూజ దానికే.

మా షెడ్డులో ఉన్నదీ ఇలాంటి రేకుతో చేసిందేనని చెబితే ఆమె మురిసిపోయింది. మాట్లాడుతూనే నా సంచిలో వేరుశనగకాయలు పోసింది, తమ చెట్టుదంటూ కొత్త చింతపండు పొట్లం ఒకటి పెట్టింది.

“మా నాయన్ను కాచింది అది. మళ్ళా ఎగిరేదానికైతే రెక్క తీసుకుపో. పాత ఇనుము కొనే గుజిరీ కొట్టుకైతే ఇయ్యను” అంది.

నా అదృష్టాన్ని నేనే నమ్మలేకపోయాను. రెక్క దగ్గరికి వెళ్ళి బొటనవేలితో నొక్కాను. వేలు లోపలికి దిగిపోయింది. ఇంకోచోట నొక్కాను, అక్కడా అంతే. చూపుకు అద్దంలా ఉన్న రేకు అరిగి అరిగి కాగితమైపోయింది. దీన్ని ఏం చేస్తుంటారమ్మా అని అడిగాను.

“ఏటా పూజకు ముందర చింతపండు, ఉప్పు, ఇటుకపొడి ఏసి తోముతాము. దేవుని సామాన్లు తోమినట్ల.”

ఇత్తడికైతే అది మేలే. ఇది అల్యూమినియం. పులుపూ ఉప్పూ దాన్ని తినేస్తాయి, ఇటుకపొడి గీకేస్తుంది. చెప్పకుండా వెళ్ళిపోదామనుకున్నాను, కానీ ఆమె నా వేలు దిగిన చిల్లును చూస్తూ ఏమైందని సూటిగా అడిగింది. చెప్పేశాను. ఆమె చాలాసేపు ఆ చిల్లు మీద అరచెయ్యి పెట్టి నిలబడింది.

“అంటే మేమే దాన్ని పోగొట్టినామా?”

నేను వేలికి అంటిన రేకు పొడిని ప్యాంటుకు తుడుచుకున్నాను.

“ఇంక దేంతో తోమల్లప్పా?” అంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలన్నాను. ఉత్త గుడ్డతో తుడిస్తే పూజ చేసినట్లు యాడుంటాదని గొణుక్కుంటూ, నా సంచి అందుకుని ఇంట్లోకి పోయింది. తర్వాత ఆటో దాకా తానే మోసుకొచ్చి ఇచ్చింది.

సాయంత్రం రైల్లో కూర్చున్నా అదే ఆలోచన. ఎవరూ పట్టించుకోకుండా ఆ చేనులో వదిలేసి ఉంటే అది చెక్కుచెదరకుండా ఉండేది. అభిమానం కొద్దీ అరిగిపోయింది. ఇంతకన్నా అన్యాయం నేను చూడలేదు.

పెనుకొండ దాటాక ఆకలేసి సంచి విప్పాను. వేరుశనగకాయలు ఉన్నాయి. చింతపండు పొట్లం లేదు. అడుగుదాకా వెతికాను. ఆమె సంచిని ఇంట్లోకి తీసుకుపోయింది ఇందుకన్నమాట. మా విమానానిదీ అదే రేకని ఆమెకు చెప్పింది నేనే.