సున్నాలో సందు

ఝపటాపూర్‌లో మా పక్కింటి మావయ్య ముప్ఫై ఏళ్లు రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల మీద నంబర్లు వేశాడు. అంకెలు కోసిన రేకు ఆనించి రంగు కొట్టడమే ఆయన పని. సున్నా నడిమి ముక్క ఊడిపోకుండా రేకుని పైనా కిందా కొంచెం కోయకుండా వదులుతారు; రంగు కొడితే అక్కడ సందు పడుతుంది. రిటైరయ్యాక క్యాలెండర్ మీద పెన్నుతో రాసినా, ఆయన సున్నాకి ఆ రెండు సందులూ ఉండేవి.

అత్తయ్య పోయాక, ఏ ఫొటోలోనూ ఆమె ఆమెలా లేదని, గోడ మీద సుద్దతో ముఖం గీయడం మొదలుపెట్టాడు. రోజూ గీసేవాడు, రోజూ తుడిచేవాడు. పోలిక కుదిరింది గానీ నుదుటి దగ్గరా గడ్డం దగ్గరా గీత తెగిపోయేది. కలపమన్నాను. సుద్ద అక్కడిదాకా వెళ్లి, దానంతటదే లేచిపోయింది.

"నాను రిటైరైపోనాను గానీ సెయ్యింకా డ్యూటీ దిగనేదమ్మా," అన్నాడు.

నాకు ఓపిక తక్కువ. సుద్ద లాక్కుని నేనే కలిపేశాను. మావయ్య చాలాసేపు చూశాడు.

"ఇదెవులమ్మా?" అన్నాడు.

వేలు తడిచేసుకుని, నుదుటి దగ్గరా గడ్డం దగ్గరా మళ్లీ సందులు చేశాడు. అప్పుడు కూర్చున్నాడు, ఆమెకెదురుగా.